ఎర్ర అంకె లేని పండుగలు

క్రొత్త సంవత్సరము రాగానే మన ఇండ్లలో మొదట మారేది గోడమీది క్యాలెండరు. పైన వాక్యము, క్రింద అంకెలు. పిల్లలు వాక్యము చదువక మునుపే ఎర్ర అంకెలు లెక్కపెట్టుకొంటారు. గుడ్ ఫ్రైడే ఏ నెలలో వచ్చినది, క్రిస్మస్ ఏ వారము పడినది, బడికి ఎన్ని సెలవులు – ఇదే వారి ధ్యానము. పెద్దలమైన మనమూ అంతకంటె మేలేమీ కాదు. ఎర్ర అంకె వస్తే మందిరము నిండుతుంది, క్రొత్త బట్టలు వస్తాయి. మిగిలిన నల్ల అంకెలను పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ వ్రాసికొనుటకు వాడుకొంటాము. ప్రియ పాఠకులారా, ఈ నెల ఆ నల్ల అంకెలను గూర్చి మీతో కొంచెము మాటలాడదలచాము.

మేము పరిచర్య చేయుచున్న శ్రీకూర్మము పండుగలకు కొదువలేని ఊరు. కూర్మావతారము పేరట ఉన్న ఇక్కడి దేవాలయమునకు ఫాల్గుణ మాసములో డోలోత్సవము జరుగునప్పుడు ఎక్కడెక్కడి నుండో జనము వస్తారు. మా పొరుగువారి పండుగలు మాకు తెలుసు, మా పండుగలు వారికి తెలుసు. క్రిస్మస్‌నాడు మా ఇంటి పిండివంటలు వారి ఇంటికి వెళ్తాయి, సంక్రాంతికి వారి అరిసెలు మా ఇంటికి వస్తాయి. అయితే ఇవన్నీ పెద్ద పండుగలు. చిన్న దినములను గూర్చి మాకు మొదట చెప్పినవారు మా సంఘ యౌవనస్థులు.

వీరు సెల్‌ఫోనులో చూచి, ఆదివారము కూటము ముగిసిన తరువాత వరండాలో నిలుచుండి ఒక్కొక్క దినము పేరు చదివి నవ్వుకొనుచుంటారు. పిచ్చుకల దినమట! తాబేళ్ల దినమట! ఎడమచేతివారి దినమట! మరుగుదొడ్ల దినమట! ఒక పెద్దాయన విని, “ఇయన్నీ పన్లేనోళ్లు ఎట్టిన దినాలు అయ్యగారూ” అని తీర్పు చెప్పేశారు. అందరితోపాటు మేమూ నవ్వాము. కాని ఇంటికి వచ్చి ఆలోచిస్తే, వీటిలో కొన్ని దినములు మన పరిశుద్ధ గ్రంథమునకు అంత దూరమైనవి కావనిపించినది.

ఆగస్టు 13 ఎడమచేతివారి దినము. అమెరికాలో 1976లో మొదలైనది. మన పల్లెలలో ఎడమచేతితో అన్నము తింటే దెబ్బ, ఎడమచేతితో కానుక వేస్తే తప్పు. మా ఆదివారపు బడిలో ఒక పాప రంగుల పెన్సిలును ఎడమచేతితో పట్టుకొని, ఎవరైనా చూస్తున్నారని తెలియగానే కుడిచేతిలోనికి మార్చుకొనుచుండేది. ఆ ఆదివారము మేము న్యాయాధిపతుల గ్రంథము తీసి ఏహూదు కథ చెప్పాము. బెన్యామీను అనే మాటకు కుడిచేతి కుమారుడని అర్థము. అయితే ఆ గోత్రములో పుట్టిన ఏహూదు ఎడమచేతివాడు. దేవుడు ఇశ్రాయేలీయులను మోయాబు రాజు చేతిలోనుండి విడిపించినది అతని ద్వారానే. అదే గ్రంథము 20వ అధ్యాయములో అదే గోత్రమునకు చెందిన ఏడువందలమంది ఎడమచేతి వాటపు వడిసెలగాండ్రు కనబడతారు. ఆ పాప ఆ దినము పెన్సిలు మార్చలేదు. ఒక చిన్న దినమునకు ఇంతకంటె ఏమి ప్రయోజనము కావాలి?

నవంబరు 19 మరుగుదొడ్డి దినము. సింగపూరులో ఒక సంస్థ 2001లో మొదలుపెట్టగా ఐక్యరాజ్యసమితి 2013లో దానిని గుర్తించినది. ప్రసంగ వేదికమీద ఈ మాట పలికినప్పుడు స్త్రీలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నారు. అప్పుడు ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము 12, 13 వచనములు చదువుడని చెప్పాము. పాళెము వెలుపల ఒక చోటు ఉండవలెను, ఆయుధములతోపాటు త్రవ్వుటకు ఒక పనిముట్టు కూడ ఉంచుకొనవలెను, మలమును మట్టితో కప్పవలెను అని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించెను. ఎందుకనగా దేవుడు ఆ పాళెములో సంచరించుచుండెను. కట్టించిన మరుగుదొడ్డిని కట్టెలు, పాత సామాను పెట్టుకొనుటకు వాడి, చీకటి పడువరకు ఆడపిల్లలను కడుపు బిగబట్టుకొనమనే ఇండ్లు ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంటికి ఇది నవ్వుకొనే దినము కాదు.

తాబేళ్ల దినము మే 23. అమెరికాలో తాబేళ్లను కాపాడే ఒక సంస్థవారు 2000 సంవత్సరములో దీనిని మొదలుపెట్టారు. ఊరి పేరులోనే తాబేలు ఉన్న మాకు ఇది పరాయి దినము కానే కాదు. ఇక్కడి దేవాలయ ఆవరణములో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటి చిప్పమీద నక్షత్రమువలె పసుపు గీతలు ఉంటాయి. ఆ అందమే వాటికి శాపమైనది. దొంగచాటుగా పట్టి దేశము దాటించి అమ్ముకొనేవారు ఎక్కువైనందున, 2019లో ప్రపంచ దేశములు కూడి వీటి అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించాయి. ఇక మా సముద్రతీరమునకు ప్రతి సంవత్సరము జనవరి మొదలుకొని ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వస్తాయి. ఒక్కొక్కటి వందకు పైగా గ్రుడ్లను ఇసుకలో పాతిపెట్టి తిరిగి సముద్రములోనికి వెళ్లిపోతుంది. అది ఊపిరి పీల్చుటకు నీటిపైకి రావలెను గనుక పెద్ద మరపడవల వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. అటువంటి కళేబరములు ఒడ్డున పడియుండుట మేము చూచాము. సముద్రములోని లెక్కలేని జీవులన్నియు ఆహారము కొరకు దేవునివైపే చూచుచున్నవని 104వ కీర్తన చెబుతుంది. ఆయన పోషించే ప్రాణిని గూర్చి సంవత్సరములో ఒక దినము ఆలోచించుట విగ్రహారాధన కాదు, సృష్టికర్తను ఘనపరచుటయే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. దినములను ఆచరించుట క్రైస్తవునికి తగునా? దినములను, మాసములను పట్టుకొని వ్రేలాడుచున్నారని పౌలు గలతీయులను గద్దించలేదా? నిజమే, గద్దించాడు. రక్షణ దినములలో లేదు, క్రీస్తులో ఉన్నది. పండుగ విషయములో ఎవరూ మీకు తీర్పు తీర్చనియ్యకుడి, అవి నీడ మాత్రమే, నిజస్వరూపము క్రీస్తులో ఉన్నదని ఆయనే కొలస్సయులకు వ్రాశాడు. అయితే రోమా పత్రిక 14వ అధ్యాయములో ఒక దినమును ఎంచువాడు ప్రభువు కొరకే ఎంచుచున్నాడని కూడ వ్రాశాడు. కాబట్టి మనము అడుగవలసినది “ఈ దినము క్యాలెండరులో ఉన్నదా?” అని కాదు, “ఈ దినము ఎవరి కొరకు?” అని.

మన ప్రభువు తానే ఒక చిన్న పండుగలో పాల్గొన్నాడు. యోహాను 10వ అధ్యాయము 22వ వచనము చూడుడి. ఆలయ ప్రతిష్ఠిత పండుగ, అది శీతకాలము, యేసు సొలొమోను మంటపములో తిరుగుచుండెను. ఈ పండుగ మోషే ధర్మశాస్త్రములో లేదు. అన్యరాజు అపవిత్రపరచిన ఆలయమును క్రీ.పూ. 164లో శుద్ధిచేసి మరల ప్రతిష్ఠించిన దినమును యూదులు జ్ఞాపకము చేసికొనేవారు. ఎస్తేరు కాలములో పుట్టిన పూరీము పండుగ కూడ ధర్మశాస్త్రములోనిది కాదు. ఆ పండుగనాడు స్నేహితులకు భోజన పదార్థములు, బీదలకు కానుకలు పంపవలెనని నియమము చేసికొన్నారు. నెహెమ్యా 10వ అధ్యాయములో బలిపీఠముమీద కాల్చుటకు ఏ కుటుంబము ఏ సమయమున కట్టెలు తేవలెనో చీట్లు వేసికొన్నారు. తరువాతి కాలములో ఇదొక పండుగయే అయినట్లు యూదుల చరిత్రకారుడు జోసీఫసు వ్రాశాడు. కట్టెలు మోసేవారికి కూడ ఒక పండుగ! తెల్లవారకముందే వచ్చి మందిరము తుడిచి, చాపలు పరచి, ఆరాధన మొదలయ్యేసరికి వెనుక వరుసలో కూర్చుండే అక్కలను తలంచుకొనినప్పుడు ఆ వచనము మాకు ఎంతో ప్రియమైనది.

పరిశుద్ధ గ్రంథములో కన్నీటి దినములు కూడ ఉన్నవి. యెరూషలేము పడిపోయిన దుఃఖములో యూదులు సంవత్సరమునకు నాలుగు ఉపవాసములు ఉండేవారు. ఆ ఉపవాసములు సంతోష దినములగునని దేవుడు జెకర్యా ద్వారా వాగ్దానము చేశాడు. మా జిల్లాకు అక్టోబరు 11 అటువంటి దినము. 2018లో ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను ఒడ్డు దాటి ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చివేసినది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు సంవత్సరములు పడుతుంది. తండ్రి నాటినది కొడుకు కోసుకొనే పంట అది. ఆ దినము ఏ క్యాలెండరులోనూ ఎర్రగా ఉండదు, చెట్లు పోయినవారి మనస్సులో మాత్రము ఉంటుంది. అది పడిన వారపు కూటములో మేము ఉద్దానము కొరకు ప్రత్యేకముగా ప్రార్థిస్తాము.

ఇప్పుడు అసలు విషయమునకు వస్తాము. మా గార మండలములోను, జిల్లా తీరమంతటను అనేకమంది మత్స్యకారులు బ్రతుకుతెరువు కొరకు గుజరాత్ రాష్ట్రములోని వేరావల్ మొదలైన రేవులకు వలస వెళ్తారు. అక్కడ వానాకాలములో కొంతకాలము వేట నిషేధము. ఆగస్టులో వేట మొదలవుతుంది గనుక అప్పటికే బయలుదేరిపోతారు, తిరిగి వచ్చుట వేసవిలోనే. అంటే కోత పండుగకు వారు ఉండరు, క్రిస్మస్‌కు ఉండరు, ఈస్టరుకు ఉండరు. మన ఎర్ర అంకెలన్నియు వారు నీళ్లమీద ఉన్నప్పుడే వచ్చి వెళ్లిపోతాయి. 2018 నవంబరులో అలా గుజరాత్ తీరము నుండి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాను వారి చేతికి చిక్కారు. ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి స్వదేశములో అడుగుపెట్టారు. ఈ మధ్యలో రెండు డిసెంబరులు గడిచిపోయాయి. వారు ఏ మతమువారని మేము అడుగుట లేదు. ఆ ఇండ్లలో పండుగ ఎలా జరిగియుండునో ఆలోచించండి.

ఒక వేసవిలో అలా తిరిగి వచ్చిన ఒక సహోదరుడు ఆరాధన తరువాత మాతో, “అయ్యగారూ, కిస్మస్ ఎప్పుడొచ్చిందో ఎప్పుడెల్లిందో మాకు తెల్దు. ఆ రోజు మావు సముద్రంలోనే ఉన్నాం. మా గుంట దేవదూత ఏసం ఏసిందట. ఫోన్లో బొమ్మ చూశాను” అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. బొమ్మ చూశాను అనే మాట మాత్రము మమ్మును విడువలేదు.

ఆ వారమే సంఖ్యాకాండము 9వ అధ్యాయము మా కంటబడినది. పస్కా పండుగ దినమున శవమును ముట్టి అపవిత్రులైన కొందరు మోషేయొద్దకు వచ్చి, మేమెందుకు ఈ పండుగకు దూరము కావలెనని అడిగారు. మోషే తనంతట తాను జవాబు చెప్పలేదు, నిలువుడి, యెహోవాను అడుగుతాను అన్నాడు. దేవుడు ఏమి సెలవిచ్చెను? పండుగ దాటిపోయినది, వచ్చే సంవత్సరము చూచుకొనుడి అనలేదు. రెండవ నెల పదునాలుగవ దినమున వారు పస్కా ఆచరింపవలెనని ఆజ్ఞాపించెను. అంతేకాదు, వారు అడుగనిది కూడ ఒకటి కలిపెను: దూర ప్రయాణములో ఉన్నవాడు కూడ అలాగే చేయవచ్చును! అడుగ వచ్చినవారిలో ప్రయాణికుడు ఒక్కడూ లేడు, ఉండడు కూడా, ఎందుకంటే అతడు ఊరిలోనే లేడు గదా! అడుగుటకు అక్కడ లేనివాని కొరకు దేవుడే తలంచెను. తరువాత హిజ్కియా రాజు కూడ రెండవ నెలలోనే పస్కా జరిగించెనని, ఆ సంతోషము చాలక మరి ఏడు దినములు పొడిగించారని రెండవ దినవృత్తాంతములు 30వ అధ్యాయములో చదువుతాము.

ఈ వాక్యమును మా సంఘ పెద్దల ముందు పెట్టాము. జూన్ రెండవ ఆదివారమున, వలస వెళ్లివచ్చిన వారి కొరకు క్రిస్మస్ ఆరాధన చేద్దామని అడిగాము. మన తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధము గనుక ఇక్కడివారు కూడ ఆ దినమున ఒడ్డునే ఉంటారు. పెద్దలు వెంటనే ఒప్పుకొనలేదు. “జూన్‌లో కిస్మస్ ఏటండీ, ఊరు నవ్వదా?” అన్నారు ఒకరు. డిసెంబరులో సంఘ నిధి ఖర్చయిపోయినదన్నారు మరొకరు. ఇవి త్రోసిపుచ్చదగిన మాటలు కావు. అర్మేనియా దేశపు సంఘము అనాది నుండి క్రిస్మస్‌ను జనవరి 6న చేసికొనుచున్నదని, రష్యా దేశపు సంఘము జనవరి 7న చేసికొనుచున్నదని, తేదీ మారినంత మాత్రమున రక్షకుడు మారలేదని మేము చెప్పాము. కడకు పెద్దలలో అందరికంటె వృద్ధుడు, “దేముడు దూరం ఎల్లినోడికి దినం ఇచ్చినప్పుడు మనం ఒద్దనడానికి ఎవులం?” అన్నాడు. మాట తేలిపోయినది. ఖర్చు విషయములో మాత్రము ఒక నియమము పెట్టుకొన్నాము: క్రొత్త బట్టలు లేవు, లైట్లు లేవు, పాత నక్షత్రమే, భోజనము ఎవరి ఇంటి కుండ వారు తెచ్చి కలుపుకొనుట.

ఆ ఆదివారము వాన పడినది. కాగితపు నక్షత్రము తడిసి ఒక కొమ్ము వ్రేలాడినది. పిల్లలు నాటకము మరల వేశారు. ఆరు నెలలలో ఎదిగిపోయిన ఒక గొఱ్ఱెల కాపరికి అంగీ మోకాళ్లవరకే వచ్చినది. మాతో మాటలాడిన సహోదరుడు ముందు వరుసలో చాపమీద కూర్చుండి, దేవదూత వేషములో ఉన్న తన బిడ్డను రెప్పవేయకుండ చూచాడు. బల్లలో పాలుపొందినప్పుడు అతని చేతులు వణకుట చూచాము. పది నెలలు ఆ రొట్టెకు దూరముగా ఉన్నవాడు అతడు. ఆ భోజనమునకు మా పొరుగున ఉన్న హిందూ కుటుంబములవారు కూడ వచ్చారు. వారి మగవారూ అదే పడవలమీద వెళ్లివచ్చినవారు. పిల్లలు దానికి “వానాకాలం కిస్మస్” అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయినది.

రెండవ సంవత్సరము ఒక సంగతి జరిగినది. అందరి భర్తలు వచ్చారు, ఒక సహోదరి భర్త రాలేదు. ఆ చలికాలములోనే పడవమీద పనిచేయుచు చనిపోయాడు. శవము ఇంటికి చేరుటకే ఎన్నో దినములు పట్టినది. ఆమె ఆ ఆదివారము రాదనుకొన్నాము. వచ్చినది. తలుపు దగ్గర గోడకు ఆనుకొని కూర్చున్నది. ఆనందముతో పాటలు మొదలుపెట్టిన మందిరములో ఆమెను ఎక్కడ చేర్చవలెను? న్యాయాధిపతుల గ్రంథములో యెఫ్తా కుమార్తె కొరకు ఇశ్రాయేలు కుమార్తెలు ప్రతి సంవత్సరము నాలుగు దినములు ఏడ్చుటకు వెళ్లేవారని 11వ అధ్యాయపు చివరి వచనము చెబుతుంది. దేవుని గ్రంథము ఆ కన్నీటిని మరచిపోలేదు. మేము పాట ఆపించాము. స్త్రీలు లేచి వెళ్లి ఆమె చుట్టు కూర్చున్నారు. కొంతసేపు ఎవరూ మాటలాడలేదు. అప్పటినుండి వానాకాలపు క్రిస్మస్ ఆరాధన పాటతో మొదలుకాదు. రానివారిని జ్ఞాపకము చేసికొని మౌనముగా కూర్చుండుటతో మొదలవుతుంది, తరువాతనే పాట.

మన పెద్ద పండుగలను మేము తక్కువ చేయుట లేదు. అయితే పెద్ద పండుగలో స్థలము దొరకనివారు ప్రతి సంఘములో ఉన్నారు. జనవరి 30న కుష్ఠు నివారణ దినమని ప్రభుత్వము జరుపుతుంది. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఎందరో కుష్ఠు రోగుల గాయములు కడిగినది, కాని వ్యాధి నయమై ఇంటికి వచ్చినవారిని బంతిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నది ఎందరు? మార్చి మొదటి శుక్రవారము స్త్రీల ప్రపంచ ప్రార్థన దినము. 1927 నుండి దేశదేశముల స్త్రీలు ఒక్క మనస్సుతో ప్రార్థించుచున్నారు. ఆ దినమున మన ఇంటి వంట ఎవరు చేయుచున్నారు? నవంబరు 21 మత్స్యకార దినము. 1997లో లోకమందలి మత్స్యకారులు మన ఢిల్లీలో కూడినప్పుడు పుట్టినది. ప్రభువు మొదట పిలిచినది వలలు వేయువారినే గదా!

ప్రియ కుటుంబములారా, మీరు చేయదగిన చిన్న పని ఒకటి చెప్పి ముగిస్తాము. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత అందరు కూర్చుండి, మీ ఎరుకలో పండుగ దాటిపోయినవారు ఎవరున్నారో తలంచుడి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ కావచ్చును, మద్రాసులోనో హైదరాబాదులోనో కట్టడపు పనిలో ఉన్న అన్న కావచ్చును, మంచము పట్టిన మామ్మ కావచ్చును. వారికి కుదిరే ఒక దినమును మీరే ఎంచుకొనండి. ఆ దినమున వారితో కూర్చుండి ఒక అధ్యాయము చదివి, ఒక పాట పాడి, కలిసి భోజనము చేయుడి. దానికి సెలవు అక్కరలేదు, పెద్ద ఖర్చు అక్కరలేదు.

దూర ప్రయాణములో ఉన్నవాని కొరకు రెండవ దినము నియమించిన దేవుడు, మీ ఇంటివారిలో దూరమున ఉన్న ప్రతివారిని క్షేమముగా ఒడ్డు చేర్చును గాక. రాలేకపోయిన వారిని బట్టి ఏడ్చువారిని ఆయనే ఆదరించును గాక. ఆమేన్.